ఖర్చు లేదు.. కిట్లు అక్కర్లేదు! వంటింటి రంగులు, పాత పేపర్లతో పిల్లలు ఇంట్లోనే చేసే 7 ఆర్ట్ ప్రాజెక్టులు.. ఈ ఒక్క పని మాత్రం పెద్దలు చేయొద్దు

బడిలో 'ప్రాజెక్టు వర్క్' ఇచ్చారంటే చాలా ఇళ్లలో సీన్ ఒకటే. అమ్మ థర్మాకోల్ కోస్తుంటుంది. నాన్న జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయిస్తుంటాడు. పిల్లాడేమో పక్కన కూర్చుని ఫోన్ చూస్తుంటాడు. మర్నాడు బడిలో ప్రాజెక్టు అదిరిపోతుంది. కానీ అందులో పిల్లాడి చేయి ఎక్కడుంది?

ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు ఆర్ట్ అంటే అందమైన వస్తువు తయారవడం ఒక్కటే కాదు. కన్ను, చేయి, బుర్ర కలిసి పని చేయడం. దీనికి వందల రూపాయల కిట్లు కొననక్కర్లేదు. కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు ఇళ్లలో, పెరట్లో, పొలం గట్టు మీద దొరికేవి చాలు. పిల్లలు తమంతట తాము చేసుకోగలిగే 7 ప్రాజెక్టులు, వాటి వెనకున్న అసలు సంగతి, తప్పనిసరి జాగ్రత్తలు.. అన్నీ ఇక్కడ చూద్దాం.

గుడుపల్లెలో ఏముంది?

చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలం పేరు రాష్ట్రంలో చాలామందికి తెలియకపోవచ్చు. కానీ ఇక్కడి గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు 172 ఎకరాల క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ ప్రభుత్వ బడుల పిల్లలకు చేతులతో చేసి నేర్చుకునే చదువును పరిచయం చేస్తోంది. బొమ్మలతో, ప్రయోగాలతో ఊళ్లకు వెళ్లే మొబైల్ ల్యాబ్‌లు ఈ సంస్థ ప్రత్యేకత. ఇదే క్యాంపస్‌లో 2017లో రామానుజన్ మ్యాథ్ పార్క్ కూడా వచ్చింది. లెక్కలను చూసి, తాకి, ఆడుకుంటూ నేర్చుకునే చోటు అది.

వాళ్లు చెప్పే సూత్రం మూడు మాటల్లో ఉంటుంది. 'ఆ..!', 'ఆహా!', 'హహ్హా!'. మొదటిది ఆశ్చర్యం. రెండోది అర్థమైన క్షణం. మూడోది సరదా. ఇంట్లో చేసే ఆర్ట్ ప్రాజెక్టుకూ ఇదే కొలత. పిల్లాడి నోట ఈ మూడింట్లో ఒక్కటైనా వచ్చిందా? వస్తే ప్రాజెక్టు పాసైనట్టే. బొమ్మ వంకరగా ఉన్నా సరే.

ఏ వయసులో ఎలా గీస్తారు?

"మావాడు ఇల్లు గీస్తే లోపలున్న మంచం కూడా కనపడుతుంది, ఇదేం బొమ్మ?" అని నవ్వేస్తుంటాం. నిజానికి అది తప్పు బొమ్మ కాదు. ఆ వయసు పిల్లలు అలాగే గీస్తారు.

పిల్లల బొమ్మల మీద పని చేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాసిన పుస్తకంలో ఈ దశలను వివరించారు. స్థూలంగా చెప్పాలంటే..

• 4 నుంచి 7 ఏళ్లు: పెద్ద తల, దానికే కాళ్లు, చేతులు. వస్తువులు కాగితం మీద గాల్లో తేలుతుంటాయి. రంగు నిజంగా ఎలా ఉందన్నది పట్టింపు ఉండదు.
• 7 నుంచి 9 ఏళ్లు: కింద నేల గీత, పైన ఆకాశం గీత వస్తాయి. గోడ లోపలివి కూడా కనపడేలా గీస్తారు. కళ్లకు కనపడింది కాదు, మనసుకు తెలిసింది గీస్తారు.
• 9 నుంచి 12 ఏళ్లు: "నిజం ఆవులా లేదే" అని తమ బొమ్మను తామే తప్పు పట్టడం మొదలవుతుంది.

అసలు ప్రమాదం ఈ మూడో దశలోనే. మూడు, నాలుగు తరగతుల దాకా గోడల నిండా గీసిన పిల్లలు హఠాత్తుగా "నాకు బొమ్మలు రావు" అనేది ఇప్పుడే. సరిగ్గా ఇదే సమయంలో మనం పెన్సిల్ లాక్కుని "ఇలా గీయాలి" అని చూపించామనుకోండి.. తన చేతికి చేతకాదన్న మాట ఖాయమైపోతుంది. చాలామంది పెద్దలు "నాకు బొమ్మలు రావు" అనడం అప్పుడే ఆపేసిన చేయి మాట.

పెద్దలు చేయకూడని ఆ ఒక్క పని ఇదే

పిల్లల బొమ్మను మీరు పూర్తి చేయొద్దు. దిద్దొద్దు. గీత వంకరపోతే పోనివ్వండి. స్టవ్ దగ్గర పని, బ్లేడు పని మాత్రం మీది. మిగతాదంతా వాళ్లదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. "బొమ్మ గీస్తే చాక్లెట్ ఇస్తా" అంటుంటాం కదా. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. బొమ్మలంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు "గీస్తే బహుమతి" అని ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతా వాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద పెట్టారు. ఆట కాస్తా కూలి పనైపోయింది. కాబట్టి లంచం వద్దు. పక్కన కూర్చుని చూడండి చాలు.

ఇక ప్రాజెక్టుల్లోకి వెళ్దాం.

1. పసుపుతో మాయా కాగితం

కావాల్సినవి: పసుపు, తెల్ల కాగితం, వంటసోడా, నిమ్మకాయ, దూది చుట్టిన పుల్ల.

ఎలా చేయాలంటే.. అర టీస్పూన్ పసుపును రెండు స్పూన్ల నీళ్లలో కలిపి కాగితం మొత్తం పూయాలి. ఆరనివ్వాలి. చెంచా వంటసోడాను కొద్ది నీళ్లలో కలిపి, పుల్ల ముంచి ఆ పచ్చ కాగితం మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రగా మారుతుంది! దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుంది.

ఎందుకిలా? పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి పచ్చబడుతుంది. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా రావడానికి కారణం కూడా ఇదే. అయితే పిల్లల చేతికి సున్నం ఇవ్వొద్దు. కంట్లో పడితే చాలా ప్రమాదం. వంటసోడాతోనే పని జరిగిపోతుంది.

పెరట్లో నీలి శంఖుపుష్పం తీగ ఉంటే ఇంకో రంగు రెడీ. పది పూలను వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. నిమ్మరసం వేస్తే ఊదా, గులాబీ రంగులకు మారుతుంది. మీరు నీళ్లు కాచి ఇవ్వండి, మిగతాది వాళ్లకు వదిలేయండి.

రంగు పూయడానికి బ్రష్ లేదా? శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకూ బ్రష్ ఉండదు. వెదురు పుల్ల మొనకు కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. గుడ్డ రంగును పీల్చి పెట్టుకుంటుంది, నొక్కితే కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. అదే కలం. ఇంట్లో ఏదైనా సన్న పుల్లతో పిల్లలే చేసుకోవచ్చు. డికాక్షన్ చిక్కగా కాచి ఇస్తే గోధుమ రంగు కూడా దొరికినట్టే.

ఒక మాట ముందే చెప్పండి: పసుపు రంగు ఎండలో పెడితే వెలిసిపోతుంది. సగం కాగితం మీద అట్ట కప్పి రెండు రోజులు ఎండలో పెట్టి చూడమనండి. అదో కొత్త బొమ్మ అవుతుంది.

2. ఆకు ఈనెల అచ్చులు

ఒకటో తరగతి పిల్లలకు ఇదే బెస్ట్. ఆకును బోర్లా పెట్టాలి, అంటే ఈనెలు ఉబ్బుగా ఉన్న వైపు పైకి రావాలి. మీద పల్చటి కాగితం వేసి క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దాలి. ఈనెలన్నీ ఒక్కొక్కటిగా తేలతాయి. జామ, రావి ఆకులు బాగా వస్తాయి.

కొంచెం పెద్ద పిల్లలైతే ఆకు వెనక వైపు రంగు పూసి కాగితానికి అచ్చు వేయొచ్చు. రంగులో నీళ్లు ఎక్కువైతే ఈనెలు కలిసిపోయి మచ్చలా పడుతుంది. చిక్కగా, పల్చటి పూతగా ఉండాలి. ముదిరిపోయి కూరకు పనికిరాని బెండకాయను అడ్డంగా కోసి అద్దితే రేకుల పువ్వులా వస్తుంది. రేకులు ఎన్నో లెక్కపెట్టమనండి.

3. మెలికల ముగ్గులో లెక్క

కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దు. తమిళనాడు, కర్ణాటక రెండూ పక్కనే. చుక్కల చుట్టూ తీగలా తిరిగే మెలికల ముగ్గు ఇక్కడి వాకిళ్లకు కొత్త కాదు. ఈసారి దాన్ని గళ్ల నోట్‌బుక్‌లోకి తెద్దాం.

నియమాలు మూడే. గీత చుక్కను తాకకూడదు. చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోవాలి. అంచు దగ్గర గుండ్రంగా తిరిగి వెనక్కి రావాలి.

• రెండు వరుసలు, వరుసకు 3 చుక్కలు పెట్టండి: మొత్తం ముగ్గు ఒకే గీతతో పూర్తవుతుంది.
• మూడు వరుసలు, వరుసకు 3 చుక్కలు: మూడు వేర్వేరు గీతలు కావాలి.
• మూడు వరుసలు, వరుసకు 4 చుక్కలు: మళ్లీ ఒకే గీత!
• నాలుగు వరుసలు, వరుసకు 6 చుక్కలు: రెండు గీతలు.

రహస్యం ఏంటంటే.. ఆ రెండు సంఖ్యల గ.సా.భా. ఎంతో, అన్ని గీతలు పడతాయి. ఐదో తరగతి లెక్క వాకిట్లోనే ఉందన్నమాట. దీన్ని పిల్లలకు ముందే చెప్పకండి. ఒక్కో గీతను ఒక్కో రంగుతో గీసి లెక్కపెట్టమనండి. నాలుగైదు ముగ్గులయ్యాక వాళ్లే పట్టేస్తారు. 'ఆహా!' అనేది అప్పుడే వినిపిస్తుంది.

4. మడత.. కత్తెర.. గెస్ చెయ్!

ఒక ఏ4 కాగితాన్ని సగానికి మడిచి, మడతతో పాటు విప్పకుండా చూడండి. సైజు తగ్గింది, ఆకారం మాత్రం అదే. ఇంకోసారి మడవండి. మళ్లీ అదే ఆకారం. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. ఎన్నిసార్లు సగం చేసినా అదే నిష్పత్తి నిలిచేలా ఈ కొలతలు పెట్టారు.

ఇప్పుడు ఆట. పాత పేపర్‌ను చతురస్రంగా కత్తిరించి రెండుసార్లు మడవాలి. ఒక అంచున చిన్న ముక్క కోయాలి. విప్పకముందే "ఎన్ని రంధ్రాలు? ఎక్కడ?" అని కాగితం మీద గీసి చెప్పాలి. తర్వాత విప్పి చూడాలి. మూడు మడతలకు 8 పొరలు, నాలుగు మడతలకు 16. ఏడో మడత వేసి చూడమనండి, 128 పొరలు కావాలి, చేతితో దాదాపు కుదరదు. ఎందుకు కుదరలేదో వాళ్లనే చెప్పమనండి.

5. ఫోన్ టార్చ్‌తో తోలుబొమ్మలాట

ఫోన్ లాక్కుంటే గొడవ. అదే ఫోన్‌ను బొమ్మలాటకు దీపంగా వాడితే? శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలును పల్చగా చేసి, రంగులు వేసి, చిన్న చిన్న రంధ్రాలు కొడతారు కాబట్టి వెలుతురు బొమ్మలోంచి దాటి తెర మీద రంగులు కనపడతాయి.

మన ఇంటి వెర్షన్: పాత పెళ్లి పత్రిక మీద బొమ్మ గీసి కత్తిరించాలి. చేతులు, కాళ్లు విడిగా కత్తిరించి దారం ముడితో కలపాలి. వెనక చీపురుపుల్ల అతికించాలి. స్వీట్ బాక్స్‌పై ఉండే రంగు జిగేలు కాగితాన్ని రంధ్రాల వెనక అంటిస్తే రంగు వెలుతురు పడుతుంది. తెల్ల పంచె కట్టి, వెనక ఫోన్ టార్చ్ పెట్టి లైట్లు ఆపేయండి.

టార్చ్‌ను బొమ్మ దగ్గరికి తెస్తే నీడ పెద్దదవుతుంది, దూరం జరిపితే చిన్నదవుతుంది. కథ కోసం వెతకనక్కర్లేదు. ప్రపంచంలోని అతి పొట్టి ఆవుల్లో ఒకటి మన పుంగనూరు ఆవు. పొట్టి ఆవు తెర మీద ఏనుగంత ఎలా అయింది? ఇంత చాలు, డైలాగులు వాళ్లే అల్లుకుంటారు.

6. మట్టి బొమ్మ.. పగలకుండా

పలమనేరు టెర్రకోటకు పేరుంది. చెరువు మట్టి దొరికే ఊళ్లలో మట్టికి కరువేముంది! రాళ్లు, వేర్లు ఏరి, నీళ్లు చల్లి, చపాతీ పిండిలా పిసకాలి.

పిల్లల బొమ్మ పగిలిపోవడానికి కారణాలు మూడు. ఒకటి, మందం ఎక్కువ కావడం. బయట త్వరగా ఆరి ముడుచుకుంటుంది, లోపల తడిగానే ఉంటుంది, అందుకే పగులు. రెండు, ఎండలో పెట్టడం. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. మూడు, కాళ్లు, కొమ్ములు ఊరికే నొక్కి అంటించడం. అతికే రెండు చోట్లా పుల్లతో గీట్లు పెట్టి, చిక్కటి మట్టినీళ్లు రాసి నొక్కితే ఊడదు.

ఇంట్లో కాల్చే ప్రయత్నం వద్దు. కాల్చని బొమ్మ నీళ్లలో వేస్తే మళ్లీ మట్టే అవుతుంది. అదీ చూడనివ్వండి. అదే మట్టితో రేపు ఇంకో బొమ్మ.

7. పేపర్ గుజ్జు గిన్నె

మన పాతతరం ఆడవాళ్లు కాగితం గుజ్జుతో బుట్టలు, తట్టలు చేసేవాళ్లు. నాయనమ్మ, అమ్మమ్మ ఉంటే ఈ ప్రాజెక్టుకు వాళ్లే టీచర్లు.

పాత న్యూస్‌పేపర్లను ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టాలి. గుప్పెడు మెంతులు విడిగా నానబెట్టి రుబ్బాలి. నీళ్లు పిండేసిన పేపర్‌ను మెత్తగా చేసి మెంతి ముద్ద కలపాలి. మెంతుల జిగురే బంకలా పని చేస్తుంది. స్టీల్ గిన్నెను బోర్లించి, మీద పల్చటి కవర్ పరిచి, గుజ్జును సమానంగా అద్దాలి. ఎండలో బాగా ఆరాక గిన్నె తీసేయాలి. దాని మీద ఒకటో ప్రాజెక్టులోని రంగులు వేసుకోవచ్చు. పెన్సిళ్లు, గోళీలు పెట్టుకోవడానికే వాడాలి. న్యూస్‌పేపర్ సిరా ఉంటుంది కాబట్టి తినేవి వేయొద్దు.

పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఇంకో వస్తువు దొరుకుతుంది. పురుగు తొలుచుకుని బయటికొచ్చిన గూళ్ల నుంచి తెగకుండా పొడవాటి దారం తీయలేం. వాటిని రేకుల్లా కత్తిరిస్తే తెల్లటి పూలు తయారవుతాయి. గూడు గట్టిగా ఉంటుంది కాబట్టి కోసేది పెద్దలు, అమర్చేది పిల్లలు.

బంక ఇంట్లోనే.. కానీ ఇది కలపొద్దు

ఒక కప్పు మైదాకు నాలుగు కప్పుల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద గంజిలా కాస్తే బంక రెడీ. రెండు రోజులకు మించి ఉంచొద్దు, పులిసిపోతుంది. గోడ పోస్టర్లు అంటించే బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం ఉంది. అది విషం. పిల్లలు ముట్టుకునే బంకలో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

• గురివింద గింజలు, ఆముదం గింజలు: చూడ్డానికి అందంగా ఉంటాయి, అతికించడానికి పిల్లలు తెస్తారు. రెండూ విషమే. నమిలి మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. బదులుగా చింతగింజలు వాడండి.
• గన్నేరు, ఉమ్మెత్త ఆకులు, పూలు వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు.
• మూడేళ్ల లోపు చంటిపిల్లలు ఇంట్లో ఉంటే గింజలు, పూసలు నేల మీద వదలొద్దు. గొంతుకు అడ్డుపడతాయి.
• గోడలకు, గేట్లకు వేసే పెయింట్లు, థిన్నర్ పిల్లలకు ఇవ్వొద్దు.
• మొన మొద్దుగా ఉన్న కత్తెర ఇవ్వండి. బ్లేడు, కత్తి, స్టవ్ మీ చేతిలోనే ఉండాలి.

వేర్వేరు వయసుల పిల్లలుంటే?

అక్క నాలుగో తరగతి, తమ్ముడు ఒకటి. ఇద్దరికీ ఒకే పని ఇస్తే గొడవే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలోని 'రివర్' సంస్థ పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేసింది. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. పాఠం చిన్న చిన్న కార్డులుగా ఉంటుంది. ఎవరి మెట్టు మీద వాళ్లు, ఎవరి వేగంతో వాళ్లు ముందుకెళ్తారు. ఇంట్లోనూ అదే సూత్రం వాడండి. బొమ్మలాటలో తమ్ముడు రంగు వేస్తాడు, అక్క కీళ్లు కడుతుంది. ముగ్గులో తమ్ముడు చుక్కలు పెడతాడు, అక్క గీత తిప్పుతుంది.

బొమ్మ చూపిస్తే ఏమనాలి?

"సూపర్!" అనేసి మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోతే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. "ఇదేంటి, కుక్కా?" అన్నా కష్టమే. అది వాళ్ల దృష్టిలో గుర్రమై ఉండొచ్చు. ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి..

• "దీని గురించి చెప్పు, వింటా."
• "ఎక్కడ కష్టమనిపించింది?"
• "ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావ్?"

"నాకు రాదు" అంటే గీసి చూపించకండి. వస్తువును ముందు పెట్టండి. "ఆవు కొమ్ము ఎటు వంగింది? చెవి కొమ్ముకు పైనా, కిందా?" అని అడగండి. చూడటం వస్తే గీయడం దానంతటదే వస్తుంది.

చివరగా ఒక చిన్న పని. ప్రతి బొమ్మ వెనక తేదీ వేసి, ఒక పాత ఫైల్‌లో పెట్టండి. మట్టి బొమ్మకైతే ఒక ఫొటో చాలు. ఆర్నెల్ల తర్వాత మొదటి బొమ్మ, తాజా బొమ్మ పక్కపక్కన పెట్టి పిల్లలకే చూపించండి. "నాకు బొమ్మలు రావు" అనే మాటకు దాన్ని మించిన జవాబు ఇంకోటి లేదు. అయితే ఆ ఫైల్‌లో ఉన్నవన్నీ వాళ్ల చేత్తో చేసినవై ఉండాలి.. మీ చేత్తో కాదు!